ఎవరికి చెబుతున్నావు?

"హైదరాబాద్ వస్తున్నాను, ఎక్కడ తినాలి, ఏం చూడాలి?" అని ఎవరైనా అడిగితే ఇప్పుడు మనం జవాబు రాయం, లింకు పంపిస్తాం. అందులో పది హోటళ్ళు, పది చూడదగ్గ చోట్లు, ప్రతిదాని పక్కనా 'తప్పకుండా' అన్న మాట. చార్మినార్, గోల్కొండ, సాలార్ జంగ్ మ్యూజియం, ప్యారడైజ్ బిర్యానీ, కరాచీ బిస్కెట్లు. వీటిల్లో ఏదీ అబద్ధం కాదు. అయినా రైలు దిగినవాడికి ఆ జాబితా పెద్దగా అక్కరకు రాదు. ఎందుకు రాదో ఆలోచించడం సాహిత్యం చదివేవాళ్ళ పని కూడా అనుకుంటాను. ఇదీ ఒక రచనా ప్రక్రియే కదా. కథల కన్నా, కవితల కన్నా ఎక్కువమంది చదువుతున్న ప్రక్రియేమో కూడా. విమర్శ మాత్రం దాని జోలికి పోదు.

మన భాషలో ఈ ప్రక్రియకి మంచి పూర్వీకుడే ఉన్నాడు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. దారి పొడుగునా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి రాసి పంపిన సంగతులే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. తీర్థాల వర్ణన కోసం ఆ పుస్తకం తెరిస్తే ముందు మజిలీలు ఎదురవుతాయి. ఈ ఊరికి ఆ ఊరెంత దూరం, దారి ఎలాంటిది, నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, దిగడానికి చోటుందా. బ్రాహ్మల ఇళ్ళున్నాయో లేదో కూడా చెప్తాడు. అది ఇవాళ మనకి గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా. కానీ ఆయన దాన్ని దాచలేదు. ఈ కబురు ఎవరి అవసరాల కొలతతో తయారైందో చదివేవాడికి తెలిసిపోతుంది. నా అవసరాలు వేరైతే, ఎక్కడ తీసేయాలో, ఎక్కడ కలుపుకోవాలో నేను చూసుకుంటాను.

ఇంకో ఉదాహరణ ఫ్రాన్స్‌ది. మిషెలిన్ అనే టైర్ల కంపెనీ 1900లో కారున్నవాళ్ళకి ఒక చిన్న పుస్తకం ఉచితంగా పంచింది. పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది, టైరు పాడైతే ఎవరు బాగుచేస్తారు, రాత్రి ఎక్కడ పడుకోవచ్చు అన్నవి అందులో విషయాలు. జనం ఎంత తిరిగితే టైర్లు అంత అరుగుతాయి, అందులో దాపరికం ఏమీ లేదు. హోటళ్ళకి నక్షత్రాలివ్వడం 1926లో మొదలైంది. ఆ నక్షత్రాల అర్థాన్ని 1936లో అచ్చులో చెప్పారు. ఒకటుంటే ఆ తరహా హోటళ్ళలో చాలా మంచిది. రెండుంటే దారి మళ్ళి వెళ్ళొచ్చు. మూడుంటే దానికోసమే ప్రయాణం కట్టొచ్చు. అంటే ఆ నక్షత్రం కొలిచింది రుచిని మాత్రమే కాదు, దూరాన్ని కూడా. ఇంత రుచికి ఎంత దూరం రావచ్చు అన్న ప్రశ్నకి అది జవాబు.

మన ఫోన్‌లో కనిపించే నక్షత్రం దేనికి జవాబు? ఒక బిర్యానీ హోటల్‌కి 4.1, ఇంకో దానికి 4.3. ఆ రెండు దశాంశాల తేడా కోసం నేను ఉప్పల్ నుంచి టోలీచౌకీ దాకా పోవాలా, వద్దా? పార్కింగ్ దొరకలేదని ఒకరు ఒక నక్షత్రం ఇస్తారు, సర్వర్ నవ్వాడని ఇంకొకరు ఐదిస్తారు. అన్నీ కలిపి సగటు తీస్తే ఎవరి అభిప్రాయమూ కానిది ఒకటి మిగులుతుంది. జాబితాలకి కూడా ఇదే జబ్బు. అవి ఎవరు, ఎవరికోసం, ఏ వేళకి అన్న మూడు సంగతులూ చెరిపేసి, మిగిలినదాన్ని 'అందరికీ' అంటాయి.

ఆ 'అందరూ' ఎవరో కాస్త పట్టి చూడండి. హైదరాబాద్ బిర్యానీ జాబితాల్లో కల్యాణీ బిర్యానీ ఎన్నిసార్లు కనిపించింది? పెద్దకూరతో చేసే ఆ బిర్యానీకి 'పేదవాడి బిర్యానీ' అని పేరు. ఊళ్ళో ఎంతోమంది తింటారు, జాబితా మాత్రం తినదు. ఇరానీ హోటల్ అందం గురించి, పాలరాయి బల్లల గురించి బోలెడు రాస్తారు. అదే హోటల్లో ఒక అమ్మాయి ఒంటరిగా కూర్చుని అరగంట పుస్తకం చదువుకోగలదా లేదా అన్నది రాయరు. రాసేవాడికి ఆ ప్రశ్న పుట్టదు కాబట్టి. వీరాస్వామయ్య తన కులాన్ని ముందు పెట్టుకుని రాశాడు. మనం దాన్ని వెనక్కి నెట్టేసి, అసలు లేనట్టే రాస్తున్నాం. ఇందులో ఏది నిజాయితీ?

ఇక వేళ సంగతి. నహారీ అన్న పేరులోనే పగలుంది, అది తెల్లారగానే తినాల్సిన తిండి. హలీం దుకాణం ఏడాది పొడుగునా తెరిచి ఉండొచ్చు, కానీ రంజాన్ సాయంత్రం భట్టీ చుట్టూ ఉండే గోల ఇంకో నెలలో దొరకదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి 'తప్పకుండా తినండి' అంటే ఏ నెలలో, ఏ పూట? సాలార్ జంగ్ మ్యూజియానికి, చౌమహల్లా ప్యాలెస్‌కి శుక్రవారం సెలవు. 'పాతబస్తీలో ఒక రోజు' అని రాసేవాళ్ళు ముందు చెప్పాల్సింది ఈ ఒక్క ముక్క.

జాబితాల మీద ఇంత కోపం కూడా సబబు కాదనేవాళ్ళున్నారు, వాళ్ళ మాటలో బలముంది. ఊళ్ళో తెలిసినవాళ్ళుంటేనే మంచి హోటల్ తెలిసే రోజులు గొప్పవేం కాదు. ఆ తెలిసినవాళ్ళు సాధారణంగా చుట్టాలో, మన కులంవాళ్ళో అయ్యేవారు. నిన్ననే అమీర్‌పేట హాస్టల్లో దిగిన పిల్లకి ఉత్తరం రాసిపెట్టే మేనమామ ఉండకపోవచ్చు. ఆమెకి ఆ లింకే దిక్కు. కాబట్టి జాబితాలు మానేయమని కాదు. ముక్కూమొహం తెలియని ఆ పిల్లకి కూడా, తెలిసిన మనిషికి రాసినంత శ్రద్ధగా రాయమని.

ఎలా ఉండాలంటే, ఇదిగో ఒక నమూనా. ఇది తొలిసారి వస్తున్న, నడవగలిగిన, ఒక్క రోజు మాత్రమే ఉన్న మనిషికి. శుక్రవారం రావద్దు. తెల్లవారుజామునే చార్మినార్ దగ్గర దిగు. పక్కనే నిమ్రాలో నిలబడి చాయ్ తాగు, ఉస్మానియా బిస్కెట్ ముంచుకో. మాంసం తినేవాళ్ళైతే అప్పుడే దగ్గర్లో నహారీ, నాలుగు మూలల నాన్ అడుగు. లాడ్ బజార్ అప్పటికి తెరవరు, మంచిదే. గాజులు లేనప్పుడు మేడలు కనిపిస్తాయి. తర్వాత చౌమహల్లా. అక్కణ్ణుంచి సాలార్ జంగ్‌కి వెళ్ళి, అందరూ గడియారం ముందు గుమిగూడినప్పుడు నువ్వు మేలిముసుగు రెబెక్కా దగ్గరికి పో. రాతిలో చెక్కిన ఆ పల్చటి గుడ్డని తీరిగ్గా చూడొచ్చు. గడియారం ఇంకో గంటకి మళ్ళీ కొడుతుంది. సాయంత్రం మొజంజాహీ మార్కెట్. 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్లో ఏ పండు కాలమైతే ఆ ఐస్‌క్రీం తిను, సీతాఫలం దొరికితే అదృష్టం. గోల్కొండని ఈ రోజులో ఇరికించకు. ఎండలో మెట్లెక్కి, ఫోటో తీసుకుని, దిగి రావడం చూడటం కాదు. దానికీ, కుతుబ్‌షాహీ సమాధులకీ కలిపి ఇంకోసారి రా.

ఇందులో 'వద్దు'లు ఉన్నాయి గమనించారా? జాబితాలకి లేనిదదే. ఏదీ కాదనని విమర్శకుణ్ణి మనం పుస్తకాల విషయంలో నమ్మం. ఇడ్లీ విషయంలో ఎందుకు నమ్మాలి? ఈ నమూనాతో ఒప్పుకోనివాళ్ళు చాలామంది ఉంటారు. పాతబస్తీ తప్ప ఊరే లేదా అంటారు, సికింద్రాబాద్ ఏమైందంటారు, ఇది మగవాడి తెల్లవారుజాము అని ఒకామె అంటుంది. అందరూ సరిగ్గానే అంటారు. వాళ్ళు తమ రోజుని, ఎవరికోసమో పేరు పెట్టి రాస్తే చదవాలని ఉంది.