73వ సవరణ: ఎన్నిక తప్పనిసరి, అధికారం ఐచ్ఛికం
విద్యార్థులారా, 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణను చదివేటప్పుడు క్రియాపదాలను గమనించండి. అయిదేళ్లకోసారి పంచాయతీ ఎన్నికలు జరిపి తీరాలి. కాని 243జి అధికరణం ప్రకారం, 11వ షెడ్యూలులోని 29 అంశాలపై అధికారాలను రాష్ట్ర శాసనసభ ఇవ్వవచ్చు. ఇచ్చి తీరాలని లేదు. అసలు లోపం ఇదే.

చిన్నతరహా నీటిపారుదల ఆ జాబితాలోనే ఉంది. అయినా నిధులు, సిబ్బంది పై శాఖ చేతిలోనే ఉంటే, చెరువు పూడిక తీయాలన్న గ్రామసభ తీర్మానం అర్జీగానే మిగులుతుంది. చెరువును తరతరాలకు కాపాడుకోవలసింది ఆ ఊరివారే. నిర్ణయం వారిది కానప్పుడు సుస్థిరాభివృద్ధి కాగితానికే పరిమితమవుతుంది.

మీ పంచాయతీ తీర్మానాల పుస్తకం చూడండి. అందులో నిర్ణయాలెన్ని, విన్నపాలెన్ని?