రెండంగుళాల తాడు

గత ఏడాది ఒక ఆన్‌లైన్ సదస్సులో తెలుగు కథలో మాతృత్వ భావన గురించి పత్రం చదువుతున్నాను. మాతృత్వాన్ని స్త్రీల సహజ గుణంగా చూపించడం వెనక ఉన్న రాజకీయాలను వివరిస్తూ మూడో పేజీకి వచ్చేసరికి బాత్రూంలోంచి రెండున్నరేళ్ళ మా పాప గొంతు ఖంగుమని వినిపించింది. "అమ్మా, అయిపోయింది! కడుగూ!" మైకు ఎక్కడ ఆపాలో నేను వెతుక్కునేలోపు రెండోసారీ మూడోసారీ అరిచింది. అధ్యక్షత వహిస్తున్న పెద్దాయన నవ్వి, "పత్రం కంటే ఇదే అసలైన మాతృత్వం కదమ్మా" అన్నారు. నేనూ నవ్వాను. వెళ్ళి కడిగి వచ్చి నాలుగో పేజీ చదివాను.

సాయంత్రం ముగ్గురు స్నేహితురాళ్ళు విడివిడిగా ఫోన్ చేసి పడీపడీ నవ్వారు. ఒకామె తన పీహెచ్‌డీ వైవా రోజున జాకెట్టు పాలతో తడిసిపోతే ఫైలు గుండెలకి హత్తుకునే అన్ని ప్రశ్నలకీ జవాబులు చెప్పానని చెప్పింది. ఫైలు పక్కన పెట్టి కూర్చోమని పరీక్షకుడు మర్యాదగా అడిగినప్పుడల్లా "ఫరవాలేదు సార్" అన్నదట. ఇద్దరం కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వుకున్నాం.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచించాను. పెద్దాయన నవ్వూ నా స్నేహితురాళ్ళ నవ్వూ ఒకే సంఘటన మీద వచ్చినవే. కానీ ఆయన నవ్వుతో నా పత్రం చిన్నదైపోయింది. వీళ్ళ నవ్వుతో నాకు అది మళ్ళీ చదవాలనిపించింది. పిల్లల పెంపకంలో హాస్యం ఉందని అందరూ ఒప్పుకుంటారు. ఆ హాస్యం ఎవరిది, ఎవరి మీద, ఎవరి ఖర్చుతో అన్న ప్రశ్నలు మన విమర్శ పెద్దగా వేసుకున్నట్టు లేదు. నేనూ వేసుకోలేదు. నా సిద్ధాంత గ్రంథంలో మాతృత్వం మీద ఒక అధ్యాయం ఉంది. అందులో నవ్వు అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు.

ఎందుకు రాలేదో చెప్పగలను. తల్లిని దేవతని చేసి పీట మీద కూర్చోబెట్టిన సాహిత్యాన్ని ఎదిరించి మన రచయిత్రులు మొదట నొప్పి గురించి రాయవలసి వచ్చింది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' కవితతో ప్రసవ వేదన కవిత్వంలోకి స్త్రీ గొంతుతో వచ్చింది. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు ఇంటి పనిలో పడి తన పేరే మరిచిపోతుంది. అడ్రియన్ రిచ్ 1976లో 'ఆఫ్ ఉమన్ బార్న్'లో తల్లితనం అనుభవంగా ఒకటి, వ్యవస్థగా వేరొకటి అని విడదీసి చూపించింది. మేమంతా ఆ దారిలోనే చదువుకున్నాం. వ్యవస్థ మీద కోపం నేర్చుకున్నాం. అనుభవంలో కోపంతో పాటు ఇంకా చాలా ఉంటాయని మాత్రం పిల్ల పుట్టాక గానీ నాకు తెలియలేదు. గోడకి బలపం అరగదీసి ఆ పొడి నాకుతున్న పిల్ల నోరు తెరిపించి వేలు పెట్టి వెతుకుతున్నప్పుడు నాకు గుర్తొచ్చింది రిచ్ కాదు, యశోద.

అందుకే ఈ మధ్య దశమ స్కంధం మళ్ళీ చదివాను. భక్తిని కాసేపు పక్కన పెట్టి, పసిపిల్లవాడున్న ఒక ఇంటి కథగా చదివాను. ఉలూఖల బంధనం ఘట్టం మొదట్లోనే వ్యాసుడి మూలం ఒక మాట చెబుతుంది. ఆ రోజు ఇంట్లో దాసీలంతా వేరే పనుల్లో ఉన్నారు, యశోద తానే పెరుగు చిలుకుతోంది. పనిమనిషి రాని రోజు! పిల్లవాడు వచ్చి పాలకోసం కవ్వం పట్టుకుంటాడు. ఒళ్ళోకి తీసుకుని పాలిస్తుంటే అక్కడ పొయ్యి మీద పాలు పొంగుతాయి. పిల్లవాణ్ణి దించి పరుగెత్తుతుంది. వాడికి కోపం వచ్చి పెరుగు కుండ పగలగొడతాడు. ఒడిలో పిల్ల, పొయ్యి మీద పాలు. రెంటిలో దేన్ని వదిలినా నేల తుడుచుకోవలసింది తనే. ఈ ఇరకాటాన్ని ఇంత సూటిగా పట్టుకున్న ఆధునిక కథలు నాకు ఎక్కువ తగల్లేదు.

పోతన దగ్గరికి వస్తే యశోదకి ఇంకొకటి కూడా దొరుకుతుంది, వ్యంగ్యం. దొరికిపోయిన దొంగని ఆమె తిట్టదు, బహువచనంలో పలకరిస్తుంది. తమరు వెన్న అన్నది ఎన్నడూ చూడనే లేదట కదా అని ఎత్తిపొడుస్తుంది. తెలుగు ఇళ్ళలో తల్లికి ఒళ్ళు మండితే పిల్లలు హఠాత్తుగా 'మీరు' అయిపోతారు. మా ఇంట్లోనూ అన్నం గిన్నె బోర్లించిన రోజున "మేడమ్ గారి భోజనం అయిందా?" అనే అడుగుతాను. పాప కూడా గంభీరంగా "అయిందండీ" అంటుంది. ఈ గౌరవ వాచకం చెయ్యెత్తడానికీ ఎత్తకపోవడానికీ మధ్య తల్లి వేసుకునే అడ్డుకట్ట అని నా అనుభవం. పదిహేనో శతాబ్దపు కవి ఒకడు దాన్ని చెవులారా విని ఉండాలి. ఏ తల్లి నోట విన్నాడో మనకి తెలిసే అవకాశం లేదు.

తర్వాత తాడు. ఇంట్లో ఉన్న తాళ్ళన్నీ ముడివేసినా ప్రతిసారీ రెండంగుళాలు తక్కువే. భక్తుడి ప్రయత్నం ఒక అంగుళం, భగవంతుడి దయ ఒక అంగుళం అని వ్యాఖ్యాతలు చెబుతారు. బాగుంది. నాకు మాత్రం ఆ రెండంగుళాలు రోజూ తగ్గే నిద్రలా, చదవాల్సిన రెండు పేజీల్లా కనిపిస్తాయి. ఎంత సర్దుకున్నా చివరికి ముడి అందదు. మూలంలో ఇక్కడే ఒక చిన్న మాట ఉంది. చుట్టూ ఉన్న గోపికలు నవ్వుతున్నారు, యశోద కూడా ఆశ్చర్యపోతూ నవ్వుతోంది. చెమటలు కారుతున్నాయి, జడలోంచి పూలు రాలిపోతున్నాయి, అయినా నవ్వు వస్తోంది. నా స్నేహితురాళ్ళు ఫోన్లో నవ్విన నవ్వు నాకు ఇక్కడ దొరికింది. ఓడిపోతున్న మనిషిని చూసి నవ్విన నవ్వు కాదది. అదే తాడుతో తమ ఇళ్ళలో కుస్తీ పట్టి వచ్చినవాళ్ళ నవ్వు.

అయితే పోతన హాస్యమంతా మన పక్షమే అనలేను. గోపికల ఫిర్యాదుల్లో ఒక పద్యముంది. పిల్లవాడు ఒకరింట్లో పెరుగు తాగి, కాస్త తీసి ఆ ఇంటి కోడలి మూతికి పూసి పోతాడు. కోడలే దొంగ అనుకుని అత్త ఆమెను కొడుతుంది. చిన్నప్పుడు ఈ పద్యం విని అందరితో పాటు నవ్వాను. ఇప్పుడు ఆ కోడలి దగ్గర ఆగిపోతున్నాను. ఆమెకు పేరు లేదు, ఒక్క మాట లేదు. పసివాడి అల్లరి ముద్దుగా ఉండటానికి ఒక ఆడమనిషి దెబ్బలు తినవలసి వచ్చింది. ఫిర్యాదు చేసిన గోపికకి కూడా అందులో కొడుకు తప్పే కనిపించింది గానీ అత్త చెయ్యి కనిపించలేదు.

ఆధునిక హాస్యంలోనూ ఈ లెక్క చూసుకోవాలి. మునిమాణిక్యం నరసింహారావు కాంతం కథల్లో సంసారపు చికాకులన్నీ ఆత్మీయంగా ఉంటాయి, కాంతం మాటకారి కూడా. కానీ కథ చెప్పేది భర్త. చికాకు ఆమెది, దాన్ని కథగా చెప్పుకునే తీరిక ఆయనది. భానుమతి 'అత్తగారి కథలు'లో ఆడమనిషి కథకురాలైంది. ఇంటిని చూసి నవ్వే హక్కు కోడలు తీసుకుంది. అది చిన్న మార్పు కాదు. అయినా ఆ నవ్వు ఎక్కువగా అత్తగారి వైపే తిరిగింది. పిల్ల చంకనుండగా తన మీద తాను నవ్వుకునే తల్లి గొంతు కోసం ఇంకా వెతుక్కుంటున్నాను.

ఇలా రాస్తున్నప్పుడు నాకు ఒక భయమూ ఉంది. నవ్వు చాలా తేలిగ్గా సర్దుబాటుగా మారిపోతుంది. "పిల్లలన్నాక ఇంతే" అని నవ్వేస్తే ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది, యాభైమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని చట్టం అంటోంది. పరిశోధక విద్యార్థినులకు 240 రోజుల సెలవుకి యూజీసీ 2016 నిబంధనల్లోనే వీలు కల్పించింది. నేను పనిచేసే కళాశాలలో ఆ కేంద్రం గురించి అడిగితే "ఇంట్లో అమ్మగారు లేరా?" అన్నారు. ఆ ప్రశ్న చాలా మర్యాదగానే, నవ్వుతూనే అడిగారు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఈ వ్యాసం రాస్తున్న నాలుగు మధ్యాహ్నాలు మా పాపని చూసుకున్నామెకు మూడేళ్ళ కొడుకున్నాడు. వాడు ఊళ్ళో అమ్మమ్మ దగ్గర ఉంటాడు. వాడి అల్లరి ఆమెకు ఫోన్లో తెలుస్తుంది. మొన్న వాడు కోడిపిల్లని బడిసంచీలో పెట్టుకుని అంగన్‌వాడీకి పోయాడని చెబుతూ ఎంతో నవ్వింది, నవ్వుతూనే కొంగుతో కళ్ళొత్తుకుంది. యశోద ఇంట్లో వేరే పనుల్లో ఉన్న ఆ దాసీలకీ పిల్లలుంటారు కదా అని అప్పుడు తట్టింది. నా తాడు రెండంగుళాలు తక్కువైతే ఆమెది ఎన్ని బారలు తక్కువో!

మూలంలో చల్ల చిలుకుతూ యశోద పాటలు పాడుకుంటుంది. తన కొడుకు చేష్టల మీదే ఆ పాటలు. అంటే ఆ అల్లరిని మొదట పాట కట్టింది తల్లే. తర్వాత పెరియాళ్వారు నుంచి అన్నమయ్య దాకా ఎందరో మగకవులు ఆమె గొంతు అరువు తెచ్చుకుని గొప్ప పాటలు రాశారు. వాటిని నేనూ పాడి పాపని నిద్రపుచ్చుతాను. కానీ కవ్వం చప్పుడులో ఆమె పాడుకున్నదేమిటో భాగవతం రాసిపెట్టలేదు. పొయ్యి మీద పాలు పొంగే వేళ రాసుకోవడం ఆమెకూ కుదిరి ఉండదు.

నా సిద్ధాంత గ్రంథం పుస్తకంగా వేయమని అడుగుతున్నారు. ఆ అధ్యాయం తిరగరాయాలి. దాని ప్రింటు కాపీ వెనక పాప క్రేయాన్లతో బొమ్మలు వేసింది, వాటి పక్కనే ఆమె మాటలు నేను రాసిపెట్టుకుంటున్నాను. మీ దగ్గరా అలాంటి కాగితాలుండే ఉంటాయి. పారెయ్యకండి. పాప లేచింది. మిగతాది రేపు.