గోడలో ఉండిపోయేది

పోయిన గురువారం రాత్రి ఎనిమిదింటికి ఫోన్. "కాకా, గేటు కాడి రెండు కెమెరాలు మళ్ల బందయినయ్. పొద్దంతా మంచిగనే ఉంటయ్, చీకటి పడంగనే పోతున్నయ్. జర వచ్చి చూస్తవా?"

మా బాలాపూర్‌లోనే ఒక ఫంక్షన్ హాల్. ఆరు నెలల క్రితం ఈ పిల్లగాడే అక్కడ ఎనిమిది కెమెరాలు పెట్టాడు. ఒకప్పుడు నా వెంట నిచ్చెన మోసి పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు సొంతంగా చేసుకుంటున్నాడు. శంషాబాద్ వైపు గోదాములు, ఇటు మామిడిపల్లి దాకా లేస్తున్న కొత్త కాలనీలు, ఎక్కడ చూసినా కెమెరాలూ వైఫై డబ్బాలూ కావాలంటున్నారు కాబట్టి పనికి కొదవ లేదు.

హాల్‌కు నడుస్తూ దారిలోనే మనసులో తీర్పు చెప్పేశాను. ఈ కాలమ్‌ను మొదటి నుంచీ చదువుతున్నవారికి నా పట్టు తెలుసు. వడ్రంగి రంపం గురించి రాసినా, కుట్టుమిషన్ సూది గురించి రాసినా నేను చెబుతూ వచ్చింది ఒక్కటే: పనిముట్టు దగ్గర పైసలు చూసుకోవద్దు. ఫుట్‌పాత్ మీద కొన్న క్రింపింగ్ టూల్‌తో కనెక్టర్ కొట్టి ఉంటాడు, ఎనిమిది తీగల్లో ఒకటో రెండో సరిగా దిగి ఉండవు, అదే రోగం అనుకున్నాను.

నిచ్చెనెక్కి గేటు కెమెరా కనెక్టర్ ఊడదీసి టార్చి కింద పట్టుకున్నాను. ఎనిమిది బంగారు పూత బ్లేడులూ ఒకే మట్టంలో దిగి ఉన్నాయి. కేబుల్ పైతోలు కనెక్టర్ లోపలి దాకా వెళ్లి గట్టిగా పట్టుకుని ఉంది. అంత శుభ్రంగా కొట్టిన కనెక్టర్‌ను నేను ఈ మధ్య చూడలేదు.

"ఏ టూల్‌తోని కొట్టినవ్ రా?"

"నీదే కాకా. పోయిన దసరాకు నువ్విచ్చిందే."

అవును, నేనే ఇచ్చాను. పూర్తిగా నొక్కేదాకా చేతిని వదలని రాచెట్ రకం, పదేళ్లు నా సంచిలో ఉన్నది. ఆయుధపూజకు బొట్టు పెట్టి వాడి చేతిలో పెట్టాను. అది తన పని తాను చక్కగా చేసింది. అయినా కెమెరాలు ఆగిపోతున్నాయి.

కత్తి తీసి తీగ కొసను గీకాను. పైన ఎర్రటి పొర సన్నగా లేచింది. లోపల తెల్లగా మెరిసింది.

సీసీఏ. అల్యూమినియం తీగ మీద రాగి పూత. డబ్బా మీద క్యాట్-6 అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, సీసీఏ అన్నది ఏ మూలనో చిన్నగా ఉంటుంది, కొన్నిటి మీద అదీ ఉండదు. చెయ్యి తిరిగినవాడికి డబ్బా ఎత్తగానే తెలిసిపోతుంది. రాగి బరువు అల్యూమినియానికి మూడింతల పైమాటే కాబట్టి 305 మీటర్ల అసలు రాగి డబ్బా చేతికి బరువు తగులుతుంది. అంతే మందం రాగి తీగతో పోలిస్తే ఈ పూత తీగ కరెంటుకు ఒకటిన్నర రెట్లు అడ్డం పడుతుంది, పైగా ఇలాంటి కేబుల్‌లో తీగ మందం కూడా చెప్పినంత ఉండదు. పగలు కెమెరా తీసుకునే కరెంటు తక్కువ. చీకటి పడితే ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి, పీవోఈ స్విచ్ నుంచి అదే కేబుల్‌లో వెళ్లే కరెంటు పెరుగుతుంది. అప్పుడే అసలు బలహీనత బయటపడుతుంది. బ్లేడు రాగిని కరిచి పట్టుకుంటే ఏళ్ల తరబడి కదలదు. అల్యూమినియం అలా కాదు, ఒత్తిడికి కొద్దికొద్దిగా జరుగుతుంది. పూత చెదిరిన చోట గాలి తగిలి కరెంటును ఆపే పొర కడుతుంది. గేటు కెమెరాలు రెండూ స్విచ్‌కు డెబ్బై మీటర్లకు పైగా దూరం. ముందు అవే పడిపోయాయి.

అమెరికాలో 1991లో మొదటిసారి వచ్చిన కేబులింగ్ ప్రమాణం, ఈఐఏ/టీఐఏ-568, ఈనాటికీ ఈ పనికి పునాది. దాని ప్రకారం తీగ రాగిదే కావాలి. ఈ పూత తీగకు క్యాట్-6 అని చెప్పుకునే హక్కే లేదు. ఈ మాట అంటే వాడు తల దించుకుని, "హాల్ సేటు చెప్పిన రేటుకు ఇదే వచ్చింది కాకా" అన్నాడు. రాగి డబ్బాతో పోలిస్తే ధర దాదాపు సగం. నాకు వాడి మీద కోపం నిలవలేదు. టూల్ గురించి ఇన్నేళ్లు చెప్పాను. డబ్బా ఎత్తి బరువు చూడమని ఎప్పుడైనా గట్టిగా చెప్పానా?

ఇంటికి వచ్చాక నిద్ర పట్టలేదు. నాకు పని నేర్పిన పెద్దాయన గుర్తుకొచ్చాడు.

1990ల మొదట్లో, టెలిఫోన్ కనెక్షన్ కోసం జనం ఏళ్ల తరబడి కాచుకునే రోజులు. ఆయన టెలికం శాఖలో కేబుల్ జాయింటర్. చాంద్రాయణగుట్ట రోడ్డు పక్కన నడుము లోతు గుంత, పైన విరిగిన గొడుగు, కింద గోనెసంచి. దాని మీద కూర్చుని పొద్దంతా తీగలు కలిపేవాడు. అవి జెల్లీ నింపిన కేబుళ్లు. నీళ్లు లోపలికి పోకుండా జంటల మధ్య వాసెలిన్ లాంటి జెల్లీ కూరి ఉండేది. మోచేతుల దాకా అంటుకునేది, కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే తప్ప పోయేది కాదు. గుడ్డ అందించడం, కోసిన తోలు ముక్కలు ఏరడం నా పని.

ఆయన సంచిలో ఒక కత్తి, ఒక ప్లయర్, ఒక కటింగ్ ప్లయర్, టార్చి సెల్లుకు కట్టిన బజర్ ఉండేవి. అన్నీ కలిపినా ఈనాటి మంచి క్రింపింగ్ టూల్ ధర చేయవు. ప్లయర్ పిడుల మీది రబ్బరు అరిగిపోతే సైకిల్ ట్యూబు ముక్క చుట్టుకున్నాడు. ఆ ప్లయర్ ఆయన చేతిలో కదిలే తీరు చూసే నాకు పనిముట్ల మీద భక్తి కుదిరింది.

రంగులు ఆయనే నేర్పాడు, ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టు. తెలుపుతో మొదలుపెట్టి నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద. తర్వాత ఎరుపుతో మళ్లీ అవే అయిదు. ఈనాటి క్యాట్-6 కేబుల్ విప్పి చూడండి: నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ. టెలిఫోన్ వాళ్ల అయిదు రంగుల్లో మొదటి నాలుగే అవి. కనెక్టర్‌లో నడిమధ్య నాలుగు, అయిదు స్థానాలు నీలం జంటవి ఎందుకయ్యాయంటే, టెలిఫోన్ లైన్ మధ్య రెండు పిన్నుల మీద వచ్చేది. దానికి చోటు వదిలి డేటా పక్కలకు సర్దుకుంది. అందుకే ఆకుపచ్చ జంట (568-బి వరసలో) విడిపోయి ఒకటి మూడులో, ఒకటి ఆరులో కూర్చుంటుంది. ఇది తెలియని పిల్లలు రంగులు వరసగా, ఏ జంటను ఆ జంట పక్కపక్కనే రెండు వైపులా ఒకేలా పెట్టేస్తారు. దీపాల టెస్టర్ ఒకటి నుంచి ఎనిమిది దాకా పచ్చగా వెలుగుతుంది. నెట్ మాత్రం నడవదు, నడిచినా ఈడ్చుకుంటూ నడుస్తుంది. తీగ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉందా లేదా అన్నదే ఆ టెస్టర్ చెప్పగలదు. ఏ తీగ ఏ తీగతో మెలి తిరిగి ఉందో దానికి తెలియదు.

ఈ పనికంతా ప్రాణం ఆ మెలికే. రెండు తీగలను మెలిపెట్టి నడిపే పద్ధతికి గ్రాహంబెల్ 1881లోనే పేటెంటు తీసుకున్నాడు. బయటి గోల రెండు తీగలకూ సమంగా తగిలితే ఒకదానిది ఇంకొకదానితో కొట్టుకుపోతుంది. అందుకే కొస దగ్గర అరంగుళానికి మించి విప్పకూడదంటారు. పెద్దాయన ఏ పుస్తకమూ చూడకుండానే, "ఎంత కావాల్నో అంతే విప్పు బేటా" అనేవాడు.

ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది ఇంకొకటి. వానాకాలం, లైన్లు పడిపోయి పైఅధికారులు తొందరపెడుతున్నారు. కేబుల్ కోస్తే లోపల తేమ. తీగ కొసలు నల్లబడి ఉన్నాయి. కలిపేస్తే ఆ పూటకు మోగేవి. ఆయన కలపలేదు. జానెడు కోశాడు, ఇంకా నలుపే. మూరెడు కోశాడు. మెరిసే రాగి కనిపించేదాకా కోస్తూ వెనక్కి పోయాడు, గుంత అంత మేరా పొడుగు తవ్వించాడు. అది హిందుస్థాన్ కేబుల్స్ వారి కేబుల్. ఆ సంస్థకు మన హైదరాబాద్‌లోనే ఫ్యాక్టరీ ఉండేది. 2016లో కేంద్ర మంత్రివర్గం సంస్థ మూసివేతకు ఒప్పుకుందన్న వార్త చదివిన రోజు కూడా నాకు ఆ గుంతే గుర్తొచ్చింది.

ముప్పై ఏళ్లకు పైగా నేను ఆయన ప్లయర్‌నే గుర్తుపెట్టుకున్నాను. ఆయన చూపు మాత్రం ఎప్పుడూ తీగ మీదే ఉండేది. ఇదే కాలమ్‌లో ఆయన పనిముట్ల గురించి రెండుసార్లు రాశాను. ఆ రాగి గురించి ఒక్కసారీ రాయలేదు.

మొదటి సంపాదనతో మంచి టూల్ కొనుక్కో అని కుర్రాళ్లకు చెబుతూ వచ్చిన మాటను ఇవాళ వెనక్కి తీసుకుంటున్నాను. టూల్ సాయంత్రం మనతోపాటు ఇంటికి వస్తుంది, బాగా లేకపోతే వచ్చే నెల ఇంకొకటి కొనుక్కోవచ్చు. తీగ గోడలో ఉండిపోతుంది, దాని మీద సున్నం పడుతుంది, రంగు పడుతుంది, ఆ ఇంట్లో పెళ్లిళ్లవుతాయి. ఉన్న డబ్బు ముందు దానికే పెట్టాలి.

ఇంకో మాట కూడా. నేను బొట్టు పెట్టి ఇచ్చిన ఆ టూల్ అవసరం అసలు ఎంత? గోడలో పోయే కేబుల్‌లో ఒక్కొక్కటి ఒంటి గట్టి తీగ. అది కదలకూడదు. దాని కొసను గోడకు బిగించే సాకెట్‌లో, అంటే ఐవో బాక్స్‌లో దించేసి, అక్కడి నుంచి పరికరానికి ఫ్యాక్టరీలో చేసిన మెత్తటి ప్యాచ్ కార్డ్ పెట్టుకోవడమే సరైన పద్ధతి. బాక్స్‌లో దించడానికి క్రోన్ టూల్ చాలు. బెర్లిన్‌లోని క్రోన్ కంపెనీ పేరే దానికి నిలిచిపోయింది. టంకం లేదు, స్క్రూ లేదు, తోలు ఒలిచే పని లేదు. తీగను గాడిలో పెట్టి నొక్కితే గాడి అంచులే తోలును చీల్చుకుని రాగిని పట్టుకుంటాయి, మిగిలిన కొసను టూల్ కోసేస్తుంది. మామూలుది తక్కువ ధరకే దొరుకుతుంది. కనెక్టర్లు చేతితో కొట్టడం గొప్ప విద్య అని నేను పిల్లలకు పోటీలు పెట్టి నేర్పాను. ఆ విద్య అవసరం లేని చోట కూడా దాన్నే వాడించాను.

ఇక ఆరుబయట వేసే తీగ. దీని గురించి బాలాపూర్‌లో ఉండి మాట్లాడకుండా ఉండలేను. నగరం నడిబొడ్డు మీదుగా సాగే గణేశ్ శోభాయాత్ర మా ఊరి నుంచే కదులుతుంది. చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, చార్మినార్ మీదుగా హుస్సేన్‌సాగర్ దాకా. లడ్డూ వేలం గురించి దేశమంతా మాట్లాడుకుంటుంది. 1994లో 450 రూపాయలతో మొదలై 2025లో 35 లక్షలకు చేరింది. ఆ వేలం పూర్తయ్యాక బండి కదిలేటప్పుడు నేను చూసేది వేరు. విగ్రహాల బండ్ల మీద కర్రలు పట్టుకుని నిలబడి, అడ్డమొచ్చిన కేబుళ్లను పైకెత్తుతూ పోయే పిల్లలను చూస్తాను. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి అయిదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సిబ్బంది స్తంభాల మీది కేబుళ్లను కోసి కుప్పలు పోశారు, ఇళ్లలో నెట్ ఆగిపోయింది, గొడవ హైకోర్టు దాకా వెళ్లింది. నెట్ ఆగిందని తిట్టినవాళ్లు ఎక్కువమంది. వీధి దాటించే కేబుల్‌లో ఏముందని అడిగినవాళ్లు నాకు కనిపించలేదు.

రాగి కేబుల్‌ను ఒక భవనం నుంచి ఇంకో భవనానికి గాలిలో లాగితే పిడుగుకూ, కరెంటు తీగకూ మనమే దారి వేసి ఇచ్చినట్టు. ఫైబర్ అయితే గాజు, దానికి కరెంటు పారదు. కానీ ఇళ్లకు ఇచ్చే సన్న ఫైబర్‌లో చాలా రకాలకు బరువు మోయడానికి పక్కన ఉక్కు తీగ ఉంటుంది. అది చూడటానికి ఫైబరే, ప్రమాదంలో మాత్రం ఇనుప తీగే. ఉక్కుకు బదులు ఎఫ్ఆర్‌పీ, అంటే గాజునార కడ్డీ ఉన్న రకమూ దొరుకుతుంది. వీధి దాటే చోట అదే వేయాలి, అదీ స్తంభం యజమాని అనుమతితోనే. కొనేటప్పుడు ఒక్క కొస కోసి చూపించమని అడగడానికి మొహమాటపడొద్దు. ఆ తీగను ఎత్తబోయేది ఎవరి బిడ్డో.

శనివారం ఇద్దరం కోఠీ వెళ్లాం. వాడే మూడు దుకాణాల్లో డబ్బాలు ఎత్తి చూశాడు, కొస కోయించి కత్తితో గీకాడు. అసలు రాగి డబ్బా ఒకటి, ఐవో బాక్సులు, పొట్టి ప్యాచ్ కార్డులు తీసుకున్నాం. ఆదివారం పొద్దున గేటు వైపు రెండు లైన్లూ మార్చాం. పాత కేబుల్ కొసకే కొత్తది కట్టి పైపులోంచి మెల్లగా లాగాం, మెలికలు సాగకుండా, మూలల దగ్గర ఒకరు తోస్తూ ఒకరు లాగుతూ. క్రోన్ టూల్‌తో వాడే దించాడు. నా రాచెట్ టూల్ రోజంతా సంచిలోనే ఉంది.

చీకటి పడింది. దీపాలు వెలిగాయి. ఏడున్నర, ఎనిమిది, తొమ్మిది. రెండు కెమెరాలూ నిలబడ్డాయి.

హాల్ సేటు వచ్చి స్క్రీన్ చూసి సంతోషపడ్డాడు. పిల్లగాడు బయటికి లాగిన పాత కేబుల్ ముక్కను ఆయన ముందు పెట్టి, కత్తితో గీకి తెల్లటి తీగను చూపించాడు. "తప్పు నాదే సేటూ, ఇది ఎయ్యకపోవాల్సింది" అన్నాడు. ఆయన ముక్కను చేతిలో తిప్పి చూసి, గోడల వైపు చూశాడు.

"మిగిలిన ఆరిట్లో కూడా ఇదేనా?"

"ఇదే."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత డబ్బా రాగిదానికి ఎంత, పనికి ఎంత అని అడిగాడు. వచ్చే ఆదివారం ముహూర్తాలు లేవట, హాల్ ఖాళీ. ఆరు లైన్లూ ఆ రోజే మారుస్తున్నాం.