రెండో జట్టుకు మార్కులు వేసేదెవరు?

మనవాళ్ళు దేనికైనా సమీక్ష చెబుతారు. సినిమాకు చెబుతారు, నవలకు చెబుతారు. ఆఖరికి పెళ్ళి భోజనానికి కూడా, చెయ్యి కడుక్కోకముందే 'సాంబారు బాగుంది గానీ వంకాయ ఉడకలేదు' అని తేల్చేస్తారు. కానీ ఆడపిల్లల కబడ్డీకి, అందులోనూ రెండో జట్టు ఆడిన ఆటకు సమీక్ష రాసినవాళ్ళను నేనింతవరకూ చూడలేదు. అందుకని ఆ పని నేనే పెట్టుకున్నాను.

నవలలు రాసుకునే ఆవిడకు చెడుగుడుతో ఏం పని అని మీలో కొందరు ముక్కున వేలేసుకోవచ్చు. పని ఉంది. నాయిక ఒక్కతే ఉంటే నవల నడవదు. పక్కింటి పిన్నిగారు, పాలు పోసే ఆమె, అత్తగారి చెల్లెలు, వీళ్ళంతా ఎవరి చోట వాళ్ళు సరిగ్గా నిలబడితేనే నాయిక కన్నీళ్ళకు అర్థం. సమీక్షకులు మాత్రం నాయికను మెచ్చుకుని కలం మూసేస్తారు. చిన్న పాత్రలతో పడే కష్టం తెలిసినదాన్ని కనుక, రెండో జట్టును గురించి మాట్లాడే అర్హత నాకా మాత్రం ఉందనుకుంటున్నాను.

పాకాల మీలో చాలామందికి రైలు కిటికీలోంచి తెలిసిన ఊరే. కాట్పాడి నుంచి తిరుపతి వెళ్ళే దారిలో జంక్షను. ధర్మవరం వైపు పోయే లైను ఇక్కడే చీలుతుంది. ఆ లైను మీది పీలేరు నుంచి వచ్చిన అమ్మాయిలకూ, పాకాల అమ్మాయిలకూ ఒక ఆదివారం ఆట. మొదటి జట్లు సాయంత్రం ఆడతాయి. పొద్దున ఆడినవి రెండో జట్లు. చూసేవాళ్ళు నలభై మందికి మించి లేరు, వాళ్ళలో సగం మంది పిల్లల అమ్మానాన్నలే.

అంతమాత్రాన అది ఉత్తుత్తి ఆట కాదు. పాకాల మొదటి జట్టులో రెండు ఖాళీలున్నాయి. ఈ ఆట చూసి వ్యాయామం టీచరుగారు ఇద్దర్ని పైకి తీసుకుంటారు. ఆ ఇద్దరికీ జిల్లా పోటీలు, ఆ పైన అదృష్టం ఉంటే క్రీడా కోటాలో ఓ ఉద్యోగం, ఇలా ఒక దారి కనబడుతుంది. మిగిలినవాళ్ళకు కనబడేది ఇంటర్ పరీక్షలు, ఆ వెనకనే పెళ్ళిచూపులు. ముప్ఫయి నిమిషాల ఆటలో తేలేది ఇంత పెద్ద విషయం.

ఆట తెలియనివారికి నాలుగు మాటలు చెప్పి ముందుకు పోతాను. ఆడవాళ్ళ కబడ్డీ కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. జట్టుకు ఏడుగురు. పావుగంట చొప్పున రెండు సగాలు. కూతకు వెళ్ళిన అమ్మాయికి 30 సెకన్లు. ఆ సేపంతా 'కబడ్డీ, కబడ్డీ' అని రిఫరీకి వినబడేటట్టు అంటూనే ఉండాలి. వినబడకపోతే వెనక్కి పిలిచి అవతలి జట్టుకు ఒక పాయింటు ఇస్తారు. ఈ చివరి నిబంధన గుర్తుంచుకోండి.

ముందు పాకాల ఐదో నంబరు అమ్మాయి. పొడుగు జడ, పాదరసంలాంటి కాళ్ళు. జట్టు తెచ్చిన 25 పాయింట్లలో 9 ఈ పిల్లవే. వెనక్కి తిరుగుతూ కాలి మడమతో తాకి వచ్చే తీరు చూస్తే, చెప్పొద్దూ, నాకే ఈల వెయ్యాలనిపించింది. కానీ ఈమె ఆట అంతా చప్పట్ల కోసం ఆడిన ఆట. ఒకరిని తాకి రాగలిగిన చోట ముగ్గురి కోసం పోతుంది. గెలుపు చేతిలో ఉన్నప్పుడు చేతులు కట్టుకుని ఉండటం కూడా ఆటలో భాగమేనని ఈమెకు ఎవరూ చెప్పినట్టు లేదు.

రెండో నంబరు ఎడమ మూలన నిలబడే అమ్మాయి. చీలమండ పట్టులో మంచి పనితనం ఉంది. వంగి, ఊపిరి బిగబట్టి, అవతలి పిల్ల బరువంతా ఒక కాలి మీదకు వచ్చేదాకా ఆగి అప్పుడు దూకుతుంది. అలా పట్టినవి ఐదు. తొందరపడి ముందే దూకి జారవిడిచినవి రెండు. నేర్చుకునే వయసులో ఆ లెక్క చెడ్డదేమీ కాదు.

ఏడో నంబరు జట్టు నాయకురాలు. గొంతు పెద్దది, మనసు నెమ్మది. జట్టు ముందంజలో ఉన్నప్పుడు ఈమె ఎవరినీ తాకకుండా, బాక్ లైను దాటి, 30 సెకన్లూ వాడుకుని ఉత్త చేతులతో తిరిగి వచ్చింది. 'ఏం మే, నిద్రపోతా ఉండావా?' అని నా వెనక ఎవరో అరిచారు. అది నిద్ర కాదు, కాలాన్ని మింగడం. కాకపోతే స్కోరు సమానమయ్యాక కూడా అదే పద్ధతిలో ఉత్త చేతులతో రావడం మాత్రం నాకు నచ్చలేదు. సంసారంలో అయినా పొదుపుకు ఒక వేళ ఉంటుంది, ఖర్చుకు ఒక వేళ ఉంటుంది.

పీలేరు వైపు ఒక పొడుగాటి ఎడమచేతి వాటం పిల్ల ఉంది. ఎవరినీ తాకాలన్న ఆరాటమే లేదు. ఎదురుగా ఆరుగురు గానీ ఏడుగురు గానీ ఉన్నప్పుడు బోనస్ గీత దాటి ఒక కాలు మోపి, రెండో కాలు గాలిలో ఉంచితే ఒక పాయింటు. ఈ పిల్ల ఆ ఒక్క పాయింటు కోసం వస్తుంది, తీసుకుంటుంది, పోతుంది. చిల్లర కూడబెట్టే ఇల్లాలి ఆట. అటు జట్టులో నాకు బాగా నచ్చినది ఈమె.

ఇక చివరి మూడు నిమిషాలు. పాకాల 24, పీలేరు 21. ఐదో నంబరు కూతకు వెళ్ళి, ఒడుపుగా తిరిగి రావలసింది పోయి లోపలి దాకా చొచ్చుకుపోయి దొరికిపోయింది. 22. పొడుగు పిల్ల వచ్చి బోనస్ తీసుకుంది. 23. ఆ తరువాతి కూతలో ఒకరిని తాకారు. 24. అప్పుడు పాకాల జట్టులోకి కొత్తగా తొమ్మిదో నంబరు వచ్చింది. ఆ పూటకు బల్ల మీదనుంచి లేవడం అదే మొదటిసారి. రాగానే కూతకు పంపారు. పెదాలు కదులుతున్నాయి, మాట బయటికి రావడం లేదు. రిఫరీ వెనక్కి పిలిచి పీలేరుకు పాయింటు ఇచ్చింది. 25. వెంటనే పాకాల ఒకర్ని పట్టి సమానం చేసింది గానీ, పొడుగు పిల్ల మళ్ళీ వచ్చి మరో బోనస్ పట్టుకుపోయింది. 26కు 25. ఒక్క పాయింటు తేడాతో పాకాల ఓడింది.

ఆట అయ్యాక అందరి నోటా ఒకటే మాట: 'ఆ తొమ్మిదో నంబరుకు నోరు పెగల్లేదు, ఆట పాయ.' ఇది అన్యాయమైన సమీక్ష. ఆ మూడు నిమిషాల్లో పోయినవి ఐదు పాయింట్లు. అందులో ఆ పిల్ల వాటా ఒక్కటే. మూడు పాయింట్ల ముందంజలో ఉండి సాహసానికి పోయిన ఐదో నంబరుతో ఆ జారుడు మొదలయింది. కానీ తొమ్మిది పాయింట్లు తెచ్చిన పిల్లను ఎవరంటారు? మాట రాని పిల్లను అనడం సులువు. అయినా ఆ పిల్లకు గొంతు ఎక్కడ పోయింది? 'గమ్మున ఉండు మే, ఆడపిల్ల గొంతు వీధిలోకి వినబడకూడదు' అని పదహారేళ్ళు మనమే నేర్పి, ఒక పొద్దున ఉన్నట్టుండి అరవమంటే ఎక్కడినుంచి వస్తుంది?

ఇంతవరకూ నేను చెప్పని పదకొండో నంబరు ఒకతి ఉంది. పొట్టిపిల్ల. రెండో నంబరు పక్కన చెయ్యి పట్టుకుని నిలబడేది. కూతకు పోలేదు, ముందుగా ఎవరినీ పట్టలేదు. స్కోరు కాగితంలో ఈమెకు ఎదురుగా సున్నా. కానీ ఒకటికి రెండుసార్లు చూడండి. రెండో నంబరు కాలు పట్టిన ప్రతిసారీ, అవతలి పిల్ల మధ్యగీత వైపు పొర్లే దారిలో ఈ పొట్టిపిల్ల గోడలా ఉంది. ఆ ఐదు పట్లలో నాలుగు ఈమె లేకపోతే నిలిచేవి కావు. జారిపోయిన రెండింటిలోనూ తప్పు దూకినవాళ్ళది. ఈమె తన చోటు వదలలేదు.

వాళ్ళమ్మ నా పక్కనే కూర్చుని ఉంది. 'మా పాప ఒగ పాయింటు గూడా తేలేదు గదమ్మా. ఇంగ ఈ ఆటలెందుకు, ఈ ఏడాదితో సరిపెట్టండి అంటా ఉండాడు వాళ్ళ నాయిన' అంది. నేను చూసిన నాలుగు పట్లనూ ఒక్కొక్కటిగా వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాను. ఆమె నాలుగు వేళ్ళూ మడిచి పెట్టుకుని, 'ఇది ఆయనకు మీరే చెప్పల్ల' అంది.

ఆస్ట్రేలియాలో కోడిగుడ్డు ఆకారపు బంతితో జట్టుకు 18 మంది చొప్పున ఆడే వాళ్ళ సొంత ఫుట్‌బాలు ఒకటి ఉంది. మెల్‌బోర్న్‌లో స్థిరపడిన మనవాళ్ళ పిల్లలకు బాగా తెలిసిన ఆట. అందులో ప్రతి మ్యాచికీ అంపైర్లు అందరికన్నా బాగా, న్యాయంగా ఆడిన ముగ్గురికి 3, 2, 1 చొప్పున ఓట్లు వేస్తారు. ఆ ఓట్లతో ఇచ్చే బ్రౌన్లో పతకం 1924 నుంచీ ఉంది. అక్కడ రిజర్వు జట్ల ఆటల్లోనూ ఎవరు ఎలా ఆడారో పేరుపేరునా రాసుకుంటారు. పైజట్టుకు మనిషి కావలసివచ్చేది అక్కడినుంచే కనుక.

ఆ పద్ధతిలో నా ఓట్లు ఇవి. పదకొండో నంబరుకు 3. పీలేరు పొడుగు పిల్లకు 2. రెండో నంబరుకు 1. ఐదో నంబరుకు చప్పట్లు దక్కాయి, చాలు.

టీచరుగారు పైకి తీసుకున్నది ఐదో నంబరునూ, రెండో నంబరునూ. రెండో నంబరు విషయంలో నాకు పేచీ లేదు. కానీ పక్కన చెయ్యి పట్టుకునే మనిషి లేకుండా ఆమె పట్లు ఎన్ని నిలుస్తాయో పై జట్టు ఆటలో చూడాలి. జంటను విడదీసి సగాన్ని తీసుకోవడం తెలివైన ఎంపిక అనిపించుకోదు.

ఒక్క పాయింటు విలువ తక్కువని ఎవరైనా అంటే, ఆసియా క్రీడలు చూడండి. మగవాళ్ళ కబడ్డీ 1990లో వాటిలో చేరితే, ఆడవాళ్ళది చేరడానికి 2010 దాకా పట్టింది. 2023లో హాంగ్‌ఝౌలో మన అమ్మాయిలు స్వర్ణం గెలిచింది చైనీస్ తైపీ మీద, 26కు 25. పాకాల మైదానంలో కనబడిన అంకెలే. భారత జట్టుకు నాయకత్వం వహించి 2014లో అర్జున అవార్డు అందుకున్న మమతా పూజారి దక్షిణ మధ్య రైల్వేలో ఉద్యోగం చేసింది. జంక్షన్లో పుట్టి పెరిగిన పిల్లల తల్లిదండ్రులకు ఆ ఉద్యోగం అంటే ఏమిటో నేను వేరే చెప్పనక్కర్లేదు.

తొమ్మిదో నంబరుకు ఓటు వెయ్యలేదు, వెయ్యలేను. జాలితో మార్కులు వేస్తే అది సమీక్ష కాదు. కానీ టీచరుగారికి ఒక మనవి. ఆ పిల్లను మళ్ళీ చివరి మూడు నిమిషాల్లో పంపకండి. వచ్చే ఆటలో మొట్టమొదటి కూతకే పంపండి. ఆ లోగా ప్రతి సాయంత్రం మైదానం ఈ చివర నిలబెట్టి, ఆ చివర ఉన్నవాళ్ళకు వినబడేదాకా కూత పెట్టించండి. వీధిలోకి వినబడితే వినబడనివ్వండి.