సిస్టర్ సిరిల్ టైంటేబుల్

కలకత్తా సీల్దాలోని లొరెటో డే స్కూల్‌కి 1979లో ప్రిన్సిపాల్‌గా వచ్చిన ఐరిష్ సన్యాసిని సిస్టర్ సిరిల్ మూనీ. ఆమె మాటెత్తితే అందరూ దయ గురించే చెబుతారు. నన్ను కట్టిపడేసింది మాత్రం ఆమె టైంటేబుల్.

1985లో ఆమె మొదలుపెట్టిన రెయిన్‌బో పథకంలో వీధి పిల్లలు తమకు వీలైన వేళకు బడికి రావచ్చు. ఎవరు ఎప్పుడొస్తారో, ఎవరికి ఎంత వచ్చో తెలియదు. అలాంటప్పుడు ఒక నల్లబల్ల, ఒక టీచరు ఏం సరిపోతారు? పిల్లకో పంతులమ్మ కావాలి. జీతాలిచ్చి అంతమందిని తేవడం ఏ బడి తరమూ కాదు. అయితే బెంగాల్ బోర్డు పాఠ్యప్రణాళికలో వర్క్ ఎడ్యుకేషన్ అని ఒక సబ్జెక్టు ఉంది. కుట్లు, అల్లికలతో గడిచిపోయే ఆ పీరియడ్లను ఆమె, తన బడి ఆడపిల్లలు వీధి పిల్లలకు చదువు చెప్పడానికి మళ్ళించింది. ఒక తరగతి తర్వాత ఇంకో తరగతికి ఆ పీరియడు వచ్చేలా పేర్చింది. దాంతో వీధి పిల్ల ఏ వేళకొచ్చినా, పక్కన కూర్చుని అక్షరాలు దిద్దించే అక్క ఒకతె సిద్ధంగా ఉండేది. కొత్త పోస్టు ఒక్కటీ అక్కర్లేకపోయింది. నేర్పే ఆడపిల్లకు మాత్రం అది దానధర్మం కాదు, సిలబస్‌లో భాగమే.

పల్లెలకూ మురికివాడలకూ ఆమె తయారుచేసిన 'బేర్‌ఫుట్ టీచర్ల'లోనూ ఇదే పనితనం. పెద్ద డిగ్రీలు లేని యువతకు సిద్ధాంతాలు వల్లెవేయించలేదు. చవకగా దొరికే వస్తువులతో బోధన సామగ్రి చేసుకోవడం, ఆటలతో లెక్కలు చెప్పడం నేర్పించింది. మన విద్యా వాలంటీర్లలో ఎందరికో తరగతి గది దొరికింది కానీ, ఈపాటి చేయూత దొరకలేదు.

లోపమూ ఉంది. ఆ శిక్షణ సర్కారు కొలువుకు అర్హత కాదు. 2009 విద్యాహక్కు చట్టం టీచర్లకు కనీస అర్హతలు పెట్టి, శిక్షణ పొందినవాళ్ళు చాలినంతమంది లేని రాష్ట్రాలకు కొంతకాలం సడలింపునిచ్చింది. 2017 సవరణతో, కొలువులో ఉన్నవాళ్ళు అర్హత సంపాదించే గడువు 2019 మార్చి 31 దాకా సాగింది. గడువైతే పొడిగించారు. ఆలోగా పిల్లల ముందు నిలబడ్డ మనిషికి రేపటి పాఠం ఎలా చెప్పాలో చూపడం ఆ సడలింపు పని కాదు. సిరిల్ మొదలుపెట్టిందే అక్కడ.

2007లో పద్మశ్రీ అందుకున్న ఆమె 2023లో కన్నుమూసింది. హైదరాబాద్‌లో వీధి పిల్లలు ఉండి చదువుకునే రెయిన్‌బో హోమ్స్‌కు మూలం ఈ సీల్దా బడే. అక్కడ ఖాళీ పీరియడ్లను వెతికితే, ఇక్కడ సర్కారు బళ్ళలో ఖాళీ గదులను వెతికారు.