కదిలే కణితికి కొలతలు

ఆళ్లగడ్డ శిల్పుల దగ్గరికి వెళితే ముందుగా చెవిన పడేది ఉలి చప్పుడే. అయితే ఉలి పట్టేనాటికే సగం పని అయిపోయి ఉంటుంది. శిల్పి రాయిని తట్టి దాని నాదం వింటాడు. దారం సాగదీసి నడిమి గీత వేస్తాడు. ముఖం పొడవును ఒక తాళంగా పట్టుకుని తల నుంచి పాదం దాకా కొలతలు పంచుతాడు. ఆ గీతలు తప్పాయంటే ఎంత నేర్పున్న చేయి అయినా విగ్రహాన్ని నిలబెట్టలేదు. శిల్పికి ఒక్క భరోసా మాత్రం ఉంది: రాయి కదలదు. నిన్న గీసిన గీత ఇవాళా అక్కడే ఉంటుంది.

ఛాతీలోని కణితికి ప్రోటాన్ చికిత్స సిద్ధం చేసేవారికి ఆ భరోసా లేదు. వాళ్లు గీత గీయాల్సింది ఊపిరి పీల్చే ఒంటి మీద.

ప్రోటాన్ చికిత్స ఒక రకం రేడియేషన్. రేడియేషన్‌ను మనవాళ్లు ‘కరెంటు పెట్టడం’ అంటారు. మామూలుగా అందుకు వాడేది ఎక్స్‌రే. అది కణితిని దాటి అవతలి వైపు నుంచి బయటికి పోతుంది. పోతూ దారిలో ఉన్న గుండెనూ, మంచి ఊపిరితిత్తినీ తాకుతుంది. ప్రోటాన్ అలా కాదు. దారిలో కొద్దికొద్దిగా శక్తి వదులుతూ వెళ్లి, మిగిలినదంతా చివర్లో కుమ్మరించి అక్కడే ఆగిపోతుంది. దీన్ని వైద్యానికి వాడుకోవచ్చని భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ విల్సన్ 1946లో సూచించాడు. 1954లో అమెరికాలోని బర్క్‌లీలో రోగులకు ప్రోటాన్ చికిత్స మొదలైంది.

సరిగ్గా ఎక్కడ ఆగాలో ముందే నిర్ణయించగలగడం ప్రోటాన్ గొప్పతనం. ఛాతీలో చిక్కు వచ్చేదీ అక్కడే. ఊపిరితిత్తి నిండా గాలి ఉంటుంది కాబట్టి, కండలో 1 సెంటీమీటరు పోయే ప్రోటాన్ అందులో 3, 4 సెంటీమీటర్లు పోతుంది. ఊపిరితిత్తుల అడుగున, డయాఫ్రం దగ్గర ఉన్న కణితి ఒక్కో శ్వాసకు సెంటీమీటరుకు పైగా జరగవచ్చు. అది తప్పుకున్న క్షణంలో వచ్చిన కిరణానికి అడ్డు ఉండదు. కణితిలో ఆగాల్సింది గుండె దాకానో వెన్నుపాము దాకానో వెళ్లిపోవచ్చు.

ఇంకో చిక్కూ ఉంది. ఇప్పటి యంత్రాలు సన్నని కిరణంతో కణితిని చుక్క వెంట చుక్కగా, పొర మీద పొరగా నింపుతాయి. ముగ్గు పెడుతుండగా కింద అరుగు ఊగితే ఏమవుతుంది? ఒకచోట పిండి కుప్పపడుతుంది, ఒకచోట నేల బయటపడుతుంది. కణితిలోనూ అంతే. ఒక మూల మోతాదు మించిపోతుంది, ఇంకో మూల చాలకుండా పోతుంది. చాలని మూలలో జబ్బు మిగిలిపోతుంది.

అందుకే ఈ విద్యలో మొదటి మెట్టు శ్వాసను కొలవడం. మామూలు సీటీ స్కాన్‌లో కదలిక తెలియదు. ఫోర్‌-డీ సీటీలో రోగి పొట్ట మీద చిన్న గుర్తు పెట్టో, బెల్టు కట్టో శ్వాస లయను నమోదు చేస్తారు. ఒక శ్వాసను సాధారణంగా 10 దశలుగా విడదీసి, అన్ని దశల్లోనూ కణితి తిరిగిన మేరనంతా కలిపి హద్దు గీస్తారు. కదలిక 5 మిల్లీమీటర్లు దాటితే దాన్ని అదుపు చేసే ఉపాయం ఆలోచించాలని అమెరికా వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం 2006లోనే మార్గదర్శకం ఇచ్చింది.

ఆ ఉపాయాల్లో ఒకటి మన ప్రాణాయామం తెలిసినవాళ్లకు కొత్తేమీ కాదు. నిండుగా గాలి పీల్చి కాసేపు బిగబట్టడం, అంటే కుంభకం. ఆ కొద్ది సెకన్లే కిరణం వదులుతారు. బిగబట్టలేనివారు మామూలుగానే ఊపిరి తీసుకుంటారు. శ్వాస ఒక నిర్ణీత దశకు వచ్చినప్పుడే యంత్రం కిరణాన్ని వదులుతుంది. పొట్టను మెత్తగా అదిమి కదలికను తగ్గించే పద్ధతి కూడా ఉంది. ఒకే పొరను కొద్ది మోతాదుతో పలుమార్లు పూస్తే హెచ్చుతగ్గులు చాలావరకు సర్దుకుంటాయి. గోడకు ఒక్కసారే చిక్కగా సున్నం కొట్టకుండా పల్చగా నాలుగు పూతలు వేయడం లాంటిదే ఇది.

అంతటితో అయిపోదు. రోగి కొన్ని మిల్లీమీటర్లు పక్కకు పడుకుంటే? ప్రోటాన్ పోయే దూరం లెక్క 3 శాతం తప్పితే? ఇలాంటి పొరపాట్లన్నిటినీ కంప్యూటర్‌లో ముందే జరిపించి చూస్తారు. వాటన్నిటికీ తట్టుకుని నిలిచిన ప్రణాళికనే ఎంచుకుంటారు. వారాల తరబడి సాగే చికిత్సలో కణితి కుంచించుకుపోవచ్చు, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరవచ్చు. అందుకని నడుమ మళ్లీ స్కాన్ తీసి, అవసరమైతే గీతలు మార్చి గీస్తారు.

ఆళ్లగడ్డ నుంచి అందుకోగల దూరంలో ఈ చికిత్స చెన్నైలో ఉంది. చిత్తూరు జిల్లా అరగొండలో పుట్టిన డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి స్థాపించిన అపోలో సంస్థ 2019లో అక్కడ ప్రోటాన్ కేంద్రాన్ని ప్రారంభించింది. దక్షిణాసియాలో అదే మొదటిది.

ప్రోటాన్ అనగానే అందరికీ మేలని అనుకోకూడదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో పాత తరహా ప్రోటాన్ పద్ధతినీ, ఆధునిక ఎక్స్‌రే పద్ధతినీ పోల్చిన అమెరికా అధ్యయనం ఒకటి 2018లో వెలువడింది. అందులో ప్రోటాన్‌కు ఆధిక్యం కనబడలేదు. ఆస్తులు అమ్మి పరుగెత్తే ముందు ఇది తెలుసుకోవాలి. గుండెను ఆనుకున్న కణితి, ఒకసారి రేడియేషన్ తీసుకున్న చోట తిరగబెట్టిన జబ్బు, ముందు ఎంతో జీవితం ఉన్న పిల్లల ఒళ్లు: ఇలాంటి చోట్ల ప్రోటాన్ గురించి తప్పక ఆలోచించాలి. ఏ చికిత్సకు వెళ్లినా డాక్టరును అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: “సార్, కణితి ఎంత కదులుతోందో కొలిచారా?”

ఈ మాట శిల్పుల ఊళ్లో చెప్పడానికి ఇంకో కారణమూ ఉంది. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు దారితీస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో నిర్ధారించింది. రాయిని తడిపి కోయడం, మంచి మాస్కు కట్టుకోవడం, మూడు వారాలు దాటిన దగ్గును ‘దుమ్ము దగ్గులే’ అని వదిలేయకుండా పరీక్ష చేయించుకోవడం మన చేతుల్లో ఉన్న పనులు. దేవుడి ముఖానికి వెంట్రుకవాసి తేడా రాకుండా గీత గీసే మనిషి గుండెల్లోకి పోయే గాలికీ అంత శ్రద్ధా దక్కాలి.