జ్వరం దిగాకే అసలు పని

వానాకాలం వచ్చిందంటే మా పిల్లల వార్డులో అందరి నోటా ఒకే ప్రశ్న: "డాక్టరుగారూ, కణాలు ఎన్నున్నాయి?" ప్లేట్‌లెట్లు ఎక్కించమని పట్టుబట్టేవాళ్లూ, బొప్పాయి ఆకు రసం సీసాలో పట్టుకొచ్చే అమ్మమ్మలూ ఆ అంకె చుట్టూనే తిరుగుతుంటారు. నా చూపు మాత్రం ముందుగా అదే రిపోర్టులో హెమటోక్రిట్ మీదికి, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం మీదికి పోతుంది.

తీవ్రమైన డెంగీలో పిల్లల ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా రక్తస్రావం కాదు. రక్తనాళాల్లోంచి ప్లాస్మా ఊరి పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడుతుంది. మొదట 35 ఉన్న హెమటోక్రిట్ 42కి ఎగబాకిందంటే ప్లాస్మా కారుతోందన్నమాట. ఇదంతా జరిగేది మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య, జ్వరం దిగే వేళ. "ఒళ్లు చల్లబడింది, ఇంటికెళ్తాం" అని తల్లి సంచి సర్దుకునే పూటే మేం మంచం పక్కన కుర్చీ వేసుకుంటాం.

పిల్లలు మనల్ని ఏమార్చేదీ అప్పుడే. షాక్‌లోకి జారుతున్న బిడ్డ కూడా అడిగినదానికి చక్కగా జవాబు చెబుతుంది. బీపీలో పై అంకె కదలదు. కింది అంకె పైకి పాకి, రెండింటికీ తేడా 20కి పడిపోతుంది. అందుకే నేను మానిటర్ చూడకముందే పాదం పట్టుకుంటాను. చల్లగా ఉందా? గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎరుపు తిరిగొచ్చిందా? ఒంటేలు ఎప్పుడు పోసింది?

ఈ వైరస్‌ను చంపే మందు లేదు. ఉన్నదల్లా సెలైన్. బీపీ ఇంకా నిలిచి ఉన్న షాక్‌లో మొదటి గంటకు కిలో బరువుకి 10 నుంచి 20 మిల్లీలీటర్లు ఇస్తాం. బిడ్డ తేరుకుంటే గంటకు 10, తర్వాత 7, 5, 3 అని దించుకుంటూ వస్తాం. కాలువ తూము దగ్గర లస్కరు పనే ఇది; తలుపు ఎత్తడం ఎంత ముఖ్యమో దించడమూ అంతే. ప్లాస్మా కారడం 24 నుంచి 48 గంటల్లో ఆగిపోతుంది. పోయిన నీరంతా మళ్లీ నాళాల్లోకి వస్తుంది. అప్పటికీ సెలైన్ నడుస్తూనే ఉంటే, షాక్ నుంచి బయటపడ్డ బిడ్డ ఆయాసంతో వెంటిలేటర్ మీదికి పోవచ్చు. సెలైన్ పెట్టడానికి కాదు, తీసేయడానికే గుండెధైర్యం కావాలి.

వియత్నాంలోని హోచిమిన్ సిటీ వైద్యులు డెంగీ షాక్‌తో వచ్చిన 512 మంది పిల్లలకు వేర్వేరు ద్రవాలు ఇచ్చి చూశారు. ఆ ఫలితాలు 2005లో అచ్చయ్యాయి. ఒక మోస్తరు షాక్‌కు ఖరీదైన వాటితో సమానంగా మామూలు రింగర్ లాక్టేట్ కూడా పనిచేసింది. మొత్తమ్మీద చనిపోయింది ఒక్కరే. గంటగంటకూ కనిపెట్టుకుని ఉండే మనుషులుంటే ఇది సాధ్యమే. మన ఆసుపత్రుల్లో, అందునా రాత్రిపూట, కొరత ఆ మనుషులకే.

ఇంట్లో డెంగీ బిడ్డ ఉంటే జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ వేయొద్దు. జ్వరం దిగాక రెండు రోజులు కళ్లలో ఒత్తులు వేసుకుని చూడండి. కడుపునొప్పి, ఆగని వాంతులు, మత్తు, చల్లటి చేతులూ కాళ్లూ, ఆరు గంటలుగా ఒంటేలు రాకపోవడం, ఎక్కడైనా రక్తం కనిపించడం... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కణాల రిపోర్టు కోసం ఆగకండి. అర్ధరాత్రయినా సరే, ఆసుపత్రికి తీసుకురండి.